వారాసిగూడ నుంచి అయోవాకు పూలు

వారాసిగూడలో పూలకు కొలత మూర. మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచి, తెంపి, ఆకులో చుట్టి ఇస్తే బేరం ముగిసినట్టే. దేవుడికైతే పావుకిలో చామంతులు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒకరి గుమ్మం ఒకరికి తెలిసినవాళ్లే. అలాంటి బస్తీ నుంచి భూగోళానికి అటువైపున, మొక్కజొన్న చేల నడుమ ఉన్న చిన్న ఊరికి పూలు పంపాలంటే ఎలా?

2025 ఫిబ్రవరిలో ఓ రిటైర్డ్ టీచరమ్మకు ఈ సమస్య వచ్చిపడింది. పైవాటాలో అద్దెకుంటున్న కుర్రాడు ఉస్మానియాలో బోటనీ ఎమ్మెస్సీ. ఆ వీధిలో సగం ఇళ్ల పైవాటాలు యూనివర్సిటీ పిల్లలవే. అతణ్ని కిందికి పిలిచి అడిగింది.

"అమెరికాకు పూలు పంపుతరా అమ్మా? మీ బిడ్డకా?"

"మా అమ్మాయికి కాదు నాయనా. వాళ్ల పాత ఊళ్లో ఒక పెద్దావిడకి."

ఆ పాత ఊరి సంగతి కొంచెం చెప్పుకోవాలి. టీచరమ్మ కూతురు గాంధీలో ఎంబీబీఎస్ చదివి, అమెరికాలో జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసింది. ఆ వీసా మీద వెళ్లిన డాక్టర్లు చదువవగానే స్వదేశానికి తిరిగొచ్చి రెండేళ్లుండాలి. లేదా డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరుతో 1994 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మంది దాకా ఇలా దొరుకుతారు. అయోవాలోనో, కాన్సస్‌లోనో రైతులకు బీపీ చూస్తున్న తెలుగు డాక్టర్లలో చాలామంది ఈ దారిన వెళ్లినవాళ్లే. మూడేళ్లు నిండాక కొందరు పెద్ద నగరాలకు వెళ్లిపోతారు. ఊరు మళ్లీ డాక్టరు కోసం ఎదురుచూస్తుంది. తప్పు పట్టడానికేం లేదు, ఒప్పందమే అంత. కానీ ఆ మూడేళ్లలో ఏర్పడిన రుణాలకు ఒప్పందాల్లో చోటుండదు.

కూతురి పక్కింట్లో ఎనభై దాటిన రైతు దంపతులుండేవారు. మంచు పడిన రోజు తెల్లారకముందే ముసలాయన ట్రాక్టరుతో వచ్చి డాక్టరమ్మ వాకిట్లో మంచు తోసేసి వెళ్లేవాడు. అడిగింది లేదు, చెప్పింది లేదు. ఆమె ఆస్పత్రికి వెళ్లే వేళకు దారి ఉండేది, అంతే. పెద్దావిడేమో బిడ్డ పుట్టాక పాపాయిని ఎత్తుకోవడానికి వచ్చేది.

పురుడు పోయడానికి 2022 మేలో టీచరమ్మ అక్కడికి వెళ్లింది. అక్టోబరు దాకా ఉంది. ఈమెకు వచ్చిన ఇంగ్లిషు బడిలో చెప్పిన ఇంగ్లిషు, ఆవిడది పొలాల ఇంగ్లిషు. అయినా ఇద్దరూ గంటల తరబడి వరండాలో కూర్చునేవారట. ఏం మాట్లాడుకున్నారో కూతురికి ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆ మే నెలాఖరులోనే పూల ముచ్చట ఒకటి జరిగింది. అమెరికాలో మే చివరి సోమవారం మెమోరియల్ డే. యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలచుకునే రోజు. పల్లెల్లో సొంతవాళ్ల సమాధుల మీదా పూలుంచుతారు. అయోవా వైపు సరిగ్గా అప్పుడే పియొనీలు పూస్తాయి. మన ముద్దమందారాన్ని రెండింతలు చేస్తే ఎలా ఉంటుందో అలాంటి పువ్వు. పెద్దావిడ పెరట్లోవి కోసి, బకెట్లో పెట్టుకుని శ్మశానానికి బయల్దేరుతూ, అందులోంచి ఓ గుత్తి తీసి టీచరమ్మ చేతుల్లో పెట్టేసింది.

ఈమె కొయ్యబారిపోయింది. సమాధుల కోసం కోసిన పూలు అనా? అది ఒకటి. రెండోది పైకి చెప్పుకోలేనిది. భర్త రైల్వేలో పనిచేస్తూ పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ పదకొండో రోజు తర్వాత ఎవరూ ఆమె చేతికి పూలివ్వలేదు. పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు, పెట్టుకోమనీ అనలేదు. సాయంత్రం పూలమ్మి కూడా ఆ గేటు దగ్గర కేకెయ్యడం మానేసింది. పేరంటాల్లో పళ్లెం తనదాకా రాకముందే ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి వెళ్లడం టీచరమ్మకూ అలవాటైంది. బడిలో ముప్పయ్యేళ్లు సంఘ సంస్కర్తల పాఠాలు చెప్పిన మనిషే! చెప్పడం వేరు, పేరంటంలో కూర్చోవడం వేరు.

ఆ పియొనీల్ని స్టీలు చెంబులో పెట్టి, దేవుడి ముందు పెట్టాలో కిటికీలో పెట్టాలో తెలియక, చివరికి తన మంచం పక్కనే పెట్టుకుంది.

ఆ అక్టోబరు 5న దసరా. పెద్దావిడ టమాటా మొక్కల చుట్టూ బంతి వేసేది, పురుగు రాదని. టీచరమ్మ వాటిని దారానికి గుచ్చి తోరణం కడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. పొలం నుంచి వచ్చిన ముసలాయన కుర్చీ ఎక్కి గరాజు తలుపుకు కట్టాడు. బంతి పుట్టిల్లు మెక్సికో అని పైవాటా కుర్రాడు మొన్న చెప్పేదాకా, మన పువ్వు అంతదూరం వెళ్లిందని టీచరమ్మ మురిసిపోతూనే ఉంది.

2024లో ఒప్పందం ముగిసి కూతురు డల్లాస్ వెళ్లిపోయింది. ఫిబ్రవరిలో ముసలాయన పోయాడని అక్కడినుంచే ఫోన్ చేసింది. "నేను పూలు పంపిస్తాలే అమ్మా, నీ పేరు కూడా వేయిస్తా" అంది.

"నువ్వు పంపేది నువ్వు పంపు. నాది నేను పంపుకుంటా."

కుర్రాడు ఇంటర్నెట్లో చూస్తే బొకేల కంపెనీలు కుప్పలు. తమాషా ఏమిటంటే వాటిలో చాలావాటికి అక్కడ పూలుండవు. ఆర్డరు తీసుకుని, కొంత మినహాయించుకుని, ఆ ఊరికి దగ్గర్లోని దుకాణానికి పంపిస్తాయి. కొత్త తెలివేం కాదిది. 1910లోనే అమెరికాలో 15 మంది పూల వ్యాపారులు కలిసి, ఒక ఊళ్లో డబ్బు కడితే ఇంకో ఊళ్లో పూలిచ్చేలా టెలిగ్రాముల మీద ఏర్పాటు చేసుకున్నారు. మనీయార్డరు లాంటిదే, డబ్బుకు బదులు గులాబీలు.

"మధ్యల వీళ్లెందుకమ్మా, గా ఊర్లనే దుకాణం ఉన్నది. ఫోన్ జేద్దాం" అన్నాడు కుర్రాడు.

మన రాత్రి తొమ్మిదిన్నర వాళ్లకు ఉదయం పది. దుకాణం ఆవిడ ఎత్తింది. ఇండియా నుంచి అనగానే, "డాక్టరుగారి తరఫునా?" అని అడిగింది. ఆ ఊళ్లో ఇంకో ఇండియా లేదు మరి! అంత్యక్రియలు శనివారమనీ, ముందురోజు సాయంత్రం జనం చూడటానికి వస్తారనీ, పూలు అక్కడికి చేర్చమంటారా అనీ అడిగింది.

టీచరమ్మ వద్దంది. "ఆయనకి కాదు, ఆవిడకి. ఇంటికి. ఆ హడావుడంతా అయ్యాక."

దుకాణం ఆవిడ కాసేపు ఆగి, అయితే వచ్చే గురువారం తనే తీసుకెళ్లి ఇస్తానంది. అప్పటికి చుట్టాలంతా వెళ్లిపోతారట.

ఏ పూలు? చామంతులు అడుగుదామనుకుంది. అయోవా అంతా మంచు కింద ఉన్న నెలలో తోటలెక్కడివి? అమెరికాలో అమ్మే కోసిన పూలలో ఎక్కువభాగం కొలంబియా, ఈక్వెడార్‌ల నుంచి విమానాల్లో మయామీ చేరి, అక్కడినుంచి ఊళ్లకు వెళ్తాయి. గులాబీలు వారంలో వాడిపోతాయి, కుండీలో మొక్కయితే నిలుస్తుందని ఆవిడే సలహా ఇచ్చింది. తెల్లటి పీస్ లిల్లీ. చేర్చే ఖర్చుతో కలిపి 75 డాలర్లు, అంటే మన లెక్కలో ఆరున్నర వేలు. గుడిమల్కాపూర్ మార్కెట్లో ఆ డబ్బుకు ఆటో నిండా బంతి వస్తుందని కుర్రాడి బాధ. పైగా టీచరమ్మ కార్డు అక్కడ పనిచేయలేదు. విదేశీ చెల్లింపులకు ముందెప్పుడూ వాడని కార్డుల్లో ఆ సదుపాయాన్ని 2020లో రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఆపేశారు, మనమే తెరిపించుకోవాలి. కూతురి కార్డు వాడదామంటే ఒప్పుకోలేదు. తన పెన్షన్ డబ్బే వెళ్లాలి. మర్నాడు అది తెరిపించి మళ్లీ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేశారు.

అన్నిటికంటే కష్టమైంది మొక్కకు కట్టే చీటీ. కుర్రాడు నాలుగు వాక్యాల సంతాపం ఇంగ్లిషులో రాసుకొచ్చాడు. ప్రగాఢ సానుభూతి, పవిత్ర ఆత్మ, అన్నీ ఉన్నాయి. టీచరమ్మ పరీక్ష పేపరు దిద్దినట్టు కొట్టేస్తూ పోయింది. చివరికి మిగిలింది: "ఇవి మీకు. వాకిట్లో మంచు తోసినందుకు మీవారికి నా నమస్కారం. పాపాయి అమ్మమ్మ."

ఏప్రిల్లో జవాబు వచ్చింది. కవరు మీద వారాసిగూడ స్పెల్లింగు తప్పు, అయినా పోస్టుమన్ పట్టుకొచ్చాడు. మొక్క వంటింటి కిటికీలో ఉందట. ట్రేలలో బంతి గింజలు వేసిందట, ఈసారి రెండు సాళ్లు ఎక్కువే. దారానికి గుచ్చడం గుర్తుంది గానీ చివర ముడి ఎలా వేశారో మర్చిపోయిందట, వచ్చి చూపిస్తారా అని అడిగింది.

టీచరమ్మ ఉత్తరం మడిచి, పైవాటాకు వినిపించేలా పిలిచింది. "డల్లాస్ నుంచి అయోవా ఎంత దూరమో చూడు నాయనా."

"వెయ్యి కిలోమీటర్ల పైనే అమ్మా."

"సికింద్రాబాద్ నుంచి కాశీ అంతకంటే దూరమేగా" అంటూ బీరువాలో పాస్‌పోర్టు కోసం వెతకసాగింది.