మాస్తి నుంచి అలూరుకు: పది దినాల మౌనం

మాలూరు స్టేషన్‌లో పొద్దున బండి ఎక్కడం అంటేనే ఒక పని. మారికుప్పం నుంచి వచ్చే రైలు మన దగ్గరికి చేరేసరికే నిండిపోయి ఉంటుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పటి నుంచి కేజీఎఫ్ జనానికి కూడు పెట్టేది బెంగళూరే గదా. బండిలో చీటీపాటలు, పెళ్లి సంబంధాలు, సూపర్‌వైజర్ల మీద తిట్లు, అన్నీ వినబడతాయి. నేను మాత్రం ఆ దినం నోరు మూసుకోడానికి పోతాండాను.

మాస్తి నుంచి మాలూరుకు బస్సు, అక్కడి నుంచి ఈ రైలు, బెంగళూరులో తుమకూరు రోడ్డు బస్సు, చివర్న ఆటో. దాసనపుర హోబ్లిలో అలూరు అనే ఊరు. అక్కడ 'ధమ్మ పఫుల్ల' అని విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది.

"మాట్లాడకుండా ఉండేదానికి అంత దూరం పోవాల్నా? ఇంట్లోనే ఉండు, సంబళమన్నా వస్తుంది" అనింది మా అత్త. ఆమె మాట కొట్టిపారేసేది కాదు. ముందు దినమే చేరాల, పదకొండో దినం పొద్దున వదులుతారు. అంటే పన్నెండు దినాల పని పోయినట్టే. కేంద్రంలో తిండికి, పడకకు రూపాయి అడగరు. చందా కూడా కోర్సు పూర్తి చేసినవాళ్ల దగ్గరే తీసుకుంటారు. అయినా ఇంట్లో తక్కువ పడేది తక్కువ పడుతుంది.

ఎందుకు పోయినానంటే, రింగ్ ఫ్రేముల మధ్య పద్నాలుగేళ్లు నిలబడిన చెవులు నావి. షిఫ్టు అయిపోయినా మెషీను తలలో తిరుగుతానే ఉంటుంది. "అమ్మా, పక్కనే ఉన్నా గదా, ఎందుకు అరుస్తావు?" అంటుంది నా కూతురు.

ఈ పద్ధతిని మన దేశానికి తెచ్చింది సత్యనారాయణ గోయెంకా. 1924లో బర్మాలో మాండలేలో పుట్టిన వ్యాపారి. తలనొప్పి తట్టుకోలేక ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి పోయినాడు. ఆ గురువు సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. ఉద్యోగం చేసుకుంటూ నేర్పినాడన్నమాట, అది నాకు నచ్చింది. గోయెంకా 1969లో ఇండియాకు వచ్చినాడు. 1994లో తీహార్ జైల్లో దాదాపు వెయ్యి మంది ఖైదీలు ఒకేసారి ఈ కోర్సుకు కూర్చున్నారు.

గేటు దగ్గర ఫోను తీసుకుంటారు. ఆడోళ్లకు, మగోళ్లకు వేరే వేరే చోట్లు. తెల్లారుజాము నాలుక్కు గంట కొడతారు. రోజుకు సుమారు పది గంటల ధ్యానం. పదకొండుకే మధ్యాన్నం భోజనం, సాయంత్రం అయిదుకు టీ, బొరుగులు, ఒక పండు. ఆ దినానికి అంతే. రాత్రి గోయెంకా ఉపన్యాసం రికార్డు వేస్తారు. మాలో తెలుగువాళ్లకు తెలుగులో వినిపించినారు.

మాట్లాడకపోవడం నాకు కష్టం కాలేదు. మిల్లులో మనం నోటితో మాట్లాడేది ఎంత? దారం తెగిందంటే వేలు ఎత్తుతాం, మేస్త్రీ వస్తాంటే కనుబొమ్మ ఎగరేస్తాం, పెదాలు చూసి మాట పట్టుకుంటాం. అలూరులో అవీ కూడదు! సైగ కూడదు, చీటీ రాయకూడదు, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోకూడదు. రెండో దినం భోజనాల దగ్గర పక్కనామె చెంబు కింద పడేసింది. నా చెయ్యి దానంతట అదే లేచింది, 'పోనీలే' అని సైగ చేసేదానికి. దించుకున్నాను. అప్పుడు తెలిసింది, నేను ఊరికే ఉండడం ఎప్పుడో మర్చిపోయినానని.

మొదటి మూడు దినాలు ముక్కు దగ్గర శ్వాసను గమనించడమే పని. గదిలో శబ్దం లేకపోయేసరికి చెవుల్లో హోరు ఇంకా పెరిగింది. నాలుగో దినం నుంచి తల నుంచి కాలి దాకా ఒళ్లంతా గమనించాల, రోజుకు మూడుసార్లు గంటసేపు కదలకుండా. మోకాళ్లు మండినాయి. చెవి హోరు పోలేదు, ఇప్పటికీ ఉంది. అయితే ఎనిమిదో దినం సాయంత్రం అది వస్తాంటే వచ్చిందని చూసినాను, దాని మీద కోపం రాలేదు. పదో దినం పొద్దున మాట తిరిగిచ్చినారు. నా గొంతు నాకే చిన్నగా వినబడింది.

ఇంటికి పోయినాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు. రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు అది ఎక్కడ కుదురుతుంది? నేను షిఫ్టుకు ముందు పావుగంట కూర్చుంటాను.

పోవాలనుకునేవాళ్లు ఫారంలో జబ్బులు, మాత్రలు దాచకుండా రాయండి. మనసు జబ్బుకు మందులు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగండి. కింద కూర్చోలేనివాళ్లకు కుర్చీ ఇస్తారు. ఆంధ్రా, తెలంగాణ వైపు బంధువులుంటే హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద 'ధమ్మ ఖేత్త' ఉంది. లీవు సంగతి నెల ముందే మాట్లాడుకోండి. నాకు ఆరు దినాలకే జీతం లీవు దొరికింది, మిగతావి కోత.