డార్విన్ ఇంట్లో బాతు ఎముకలు

లండన్ శివారు బ్రామ్లీలో 146వ నంబరు బస్సెక్కితే డౌన్ అనే పల్లెకు చేరతాం. ఊరు దాటి కొంచెం నడిస్తే డౌన్ హౌస్. 1842 నుంచి 1882లో కన్నుమూసేదాకా చార్లెస్ డార్విన్ కాపురమున్న ఇల్లు అది. కింది అంతస్తులోని చదువుల గదిలో కాళ్ళకు చక్రాలు బిగించిన ఆయన కుర్చీ ఉంది. అందరూ దాని ముందు ఆగుతున్నారు. నేనూ ఆగాను గానీ, మనసంతా ఈ ఇంట్లో ఉన్న రోజుల్లో ఆయన తూచిన బాతు ఎముకల మీదే ఉంది.

మస్కోవీ జాతిని పక్కనపెడితే, మనం పెంచే బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతే. ఆ అడవి బాతు రెక్కలో భుజం ఎముక బోలుగా ఉంటుంది. శరీరంలోని గాలి సంచుల నుంచి దానిలోకి గాలి చేరుతుంది. తర్వాత ముంజేతి జంట ఎముకలు. వాటిలో లావుపాటిదానికి ఎగిరే ఈకలు కొన్ని అంటుకుని ఉంటాయి. ఆ కింద మణికట్టు, అరచేతి ఎముకలు చాలావరకు అతుక్కుపోయి ఒకటైపోయాయి. కాలి దగ్గర మన కన్ను మోసపోతుంది. బాతు నడుస్తుంటే వెనక్కి వంగినట్టు కనబడేది మోకాలు కాదు, చీలమండ! అసలు మోకాలు, పొట్టి తొడ ఎముక పొట్ట పక్కన ఈకల చాటునే ఉండిపోతాయి.

పక్షుల ఎముకలు శుభ్రం చేయడం సులువైన పని కాదు. ఒకసారి పావురం కళేబరం కంపుకు డార్విన్‌కీ, పనివాడికీ డోకులొచ్చి మధ్యలోనే వదిలేశారు. అయినా ఆయన ఆ దారి మానలేదు. పెంపుడు బాతు ఒళ్ళు సాధారణంగా పెద్దది కాబట్టి ఎముకకు ఎముక పోల్చితే తేలేదేమీ లేదు. మొత్తం అస్థిపంజరం బరువులో రెక్కల వాటా ఎంత, కాళ్ళ వాటా ఎంత అని చూశాడు. అడవి బాతుతో పోలిస్తే పెంపుడు బాతుల్లో రెక్కల వాటా తగ్గింది, కాళ్ళ వాటా పెరిగింది. ఎంత తేటైన ప్రశ్న! నాకు ఈ ఇంట్లో అన్నిటికన్నా గొప్పగా తోచింది అదే.

ఎగరడం తగ్గి నడక పెరగడమే ఇందుకు కారణమని ఆయన అనుకున్నాడు. కోతలయ్యాక కృష్ణా, గోదావరి డెల్టా పొలాల్లో మేత కోసం మైళ్ళకొద్దీ నడిచే బాతుల మందలను, చలికాలంలో ఉత్తరాది నుంచి కొల్లేటికి ఎగిరొచ్చే సూదితోక బాతులను చూసినవారికి ఆ మాట వెంటనే నచ్చుతుంది. వాడకాన్ని బట్టి ఒక పక్షి ఎముక కొంత గట్టిపడటం, పలచబడటం నిజమే. కానీ అలా వచ్చిన మార్పు పిల్లలకు సంక్రమించదనీ, ఒళ్ళున్న పక్షులను మనిషి తరతరాలుగా ఏరి పెంచడమే ఇందులో ముఖ్యమనీ నేటి జీవశాస్త్రం అంటుంది. కారణం మారినా ఆయన తూకాలకు విలువ తగ్గలేదు.

ఆయన 1859 నాటి పుస్తకంలో ఈ సంగతికి దక్కింది కాస్త చోటే. పెంపుడు జీవుల మీద 1868లో వచ్చిన పుస్తకంలో మాత్రం పట్టికలతో సహా వివరంగా ఉంది. డౌన్ హౌస్‌కు వెళ్ళేవారు ముందుగా ఆ బాతుల పేజీలు చదువుకుని వెళ్ళాలి.