సోమశిలలో సంగటి, నీళ్ల సంగతి

"ఊళ్లు తిరిగేటప్పుడు బయట ఏం తినమంటారు డాక్టరుగారూ?" అని అడిగే పాఠకులు చాలామంది. వేడిగా ఉన్నది తినండి, జనం ఎక్కువగా ఉన్నచోట తినండి అని చెప్పి ఊరుకునేవాణ్ణి. మొన్న సోమశిలలో భోజనం చేశాక ఆ జవాబు చాలదనిపించింది.

ఆత్మకూరు నుంచి అనంతసాగరం మీదుగా వెళితే, కొండల మధ్య పెన్నమ్మకు అడ్డంగా కట్టిన డ్యాము కనిపిస్తుంది. 78 టి.ఎం.సి.ల జలాశయం. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు చూడాలి, కళ్లు చల్లబడతాయి. ఆ గాలికి ఆకలి కూడా రెట్టింపవుతుంది. దగ్గర్లోనే ఒక రేకుల షెడ్డులో భార్యాభర్తలు నడిపే భోజన హోటలు ఉంది. నాలుగు బల్లలు, కట్టెల పొయ్యి. వడ్డన ఆయనది, వంట ఆమెది. ఎనిమిదేళ్ల కొడుకు మంచినీళ్ల గ్లాసులు అందిస్తున్నాడు.

రాగి సంగటి ముద్ద, బొచ్చె చేప పులుసు పెట్టారు. నెల్లూరు పులుసు గురించి కొత్తగా చెప్పేదేముంది? చింతపండు పులుపు, మామిడికాయ ముక్క, పైన తేలే నూనె. (రక్తపోటు ఉన్నవాళ్లు పులుసులో ఉప్పును మరిచిపోకూడదు. నేను మరిచిపోయాను.) ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుని తింటుంటే, రెండేళ్ల క్రితం అమెరికాలో తిన్న భోజనం గుర్తొచ్చింది.

మా అమ్మాయి వాళ్లు వాషింగ్టన్ దగ్గర వర్జీనియాలో ఉంటారు. ఆ చుట్టుపక్కల ఇథియోపియా వాళ్లు ఎక్కువ, వాళ్ల హోటళ్లూ ఎక్కువ. ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే ఒక చిన్న హోటలుకు తీసుకెళ్లింది. టెఫ్ అనే సన్నటి గింజ పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, మన అట్టులా పోసి ఒకవైపే కాలుస్తారు. దాని పేరు ఇంజెరా. పెద్ద పళ్లెంలో అది పరిచి, దానిమీదే పప్పు, కూరలు కుప్పలుగా పెడతారు. చెంచా లేదు. అందరూ ఒకే పళ్లెంలో కుడిచేత్తో తినాలి. ఆప్యాయంగా ఒకరి నోట్లో ఒకరు ముద్ద పెట్టడం వాళ్ల మర్యాద, దాన్ని గుర్షా అంటారు. హోటలావిడ మా అమ్మాయి నోట్లో ఒక ముద్ద పెట్టి నవ్వింది. గోరుముద్దలు మనకొక్కరికే అనుకుంటాం!

ఇంకో చుట్టరికం ఉంది. మన రాగులు పుట్టిందీ ఆ తూర్పు ఆఫ్రికా ఎత్తు భూముల్లోనే. వేల ఏళ్ల క్రితం సముద్రం దాటి మన మెట్టచేలకు వచ్చాయి. అక్కడ వాటిని దగుస అంటారు.

ఆవిడ నవ్వినప్పుడు పళ్లమీద గోధుమరంగు అడ్డచారలు కనిపించాయి. వృత్తి దోషం, అడిగేశాను. తమది రిఫ్ట్ లోయ ప్రాంతమనీ, అక్కడి బావినీళ్లు తాగిన పిల్లలందరికీ అంతేననీ చెప్పింది.

సోమశిలలో గ్లాసు అందించిన పిల్లవాడి పళ్లమీదా అవే చారలు.

"వాడు ఐదేళ్లు వచ్చేదాకా మా అమ్మ దగ్గర పెరిగినాడయ్యా, ఉదయగిరి పక్క" అంది తల్లి. ఆ అమ్మమ్మ కూడా అక్కడే ఉంది. పిలిస్తే మెడ తిప్పలేదు, మనిషే తిరిగింది. గడ్డం ఛాతీకి ఆనించమన్నాను, ఆనలేదు. వంగి చెంబు తీసుకోలేదు. వయసు వాతమనుకుంటున్నారు.

నెల్లూరు జిల్లాకు ఈ జబ్బు కొత్త కాదు. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. రాళ్లలోంచి ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు, తర్వాత ఎముకలు, కీళ్ల దగ్గరి కండరాల కట్లు గట్టిపడతాయి. గట్టిపడ్డ వెన్ను మళ్లీ మెత్తబడే మందు లేదు. పళ్లమీద మచ్చ మాత్రం, చిగురులోపల పళ్లు తయారయ్యే సుమారు ఎనిమిదేళ్లలోపు తాగిన నీళ్లవల్లే పడుతుంది.

ఇంతకీ అమ్మమ్మ ఎందుకొచ్చిందనుకున్నారు? రెండేళ్ల మనవరాల్ని తీసుకుపోవడానికి. హోటలు పనిలో తల్లికి తీరిక లేదు.

"ఇప్పుడు క్యాను నీళ్లే తాగతా ఉండాం సామీ" అంది పెద్దావిడ.

"మరి వంటకో?"

"బోరు నీళ్లే. వంటకు క్యాను ఎవురు కొంటారు? అయినా కాగిపోతాయి గదా!"

పాఠకులు గమనించవలసింది ఇక్కడే. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు చావదు. నీరు ఆవిరైనకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. సంగటి, అన్నం, పప్పు పోసిన నీళ్లన్నీ పీల్చుకుంటాయి. చంటిపిల్లల జావ సంగతి చెప్పనే అక్కర్లేదు. మామూలు క్యాండిల్ ఫిల్టరు కూడా దాన్ని ఆపదు, ఆర్.ఓ. యంత్రం ఆపుతుంది. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. తాగడానికి, వండడానికి మాత్రం వేరే నీళ్లుండాలి.

తిండి సాయం కొంత ఉంది. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది. కడుపులో సున్నం ఉంటే ఫ్లోరైడు ఒంటికి పట్టడం తగ్గుతుంది. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా పోతుందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. అంటే ఆ పళ్లెంలోని సంగటి, పులుసు రెండూ మంచివే. అలాగని పులుసు తాగుతూ బోరు నీళ్లతో వండుకోమని కాదు సుమండీ!

ఇదంతా చెప్పేసరికి పులుసు చల్లారింది. పెద్దావిడకు కోపం వచ్చింది. "నేను పెంచితే చెడిపోతదా బిడ్డ?" అంది. పెంపకంలో లోపం లేదమ్మా, నీళ్లలో ఉందేమో చూద్దాం అన్నాను. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేస్తారు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో బోరు నీళ్లు పట్టివ్వమన్నాను. ఆవిడ మాట్లాడలేదు. అల్లుడు డబ్బులు తీసుకోనన్నాడు, బలవంతాన ఇచ్చి వచ్చాను.

వారం తర్వాత ఆ అల్లుడే మా ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో లీటరు సీసా, మూతకు దారం చుట్టి ఉంది. అత్తగారే పట్టి పంపారట. పరీక్షకు పంపాం. ఫలితం వచ్చేదాకా పాప సోమశిలలోనే ఉంటుంది, అమ్మమ్మ కూడా.