షాబాద్ బండ మీద మచ్చ

ఆఫీసుకి మాప్ కొనే పని నా మీద పడింది. మా ఆరుగురిలో రివ్యూలు రాసేవాణ్ని నేనొక్కణ్నే. పుస్తకాల రివ్యూలు రాసేవాడికి మాపుల రివ్యూలు చదవడం ఎంతసేపు, అన్నారు.

మాది శాలిబండలో, ఒక పాత ఇంటి పైఅంతస్తులో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ముందు హాలంతా షాబాద్ బండలు, వెనక గదిలో మాత్రం విట్రిఫైడ్ టైల్స్. రోజూ పొద్దున్నే ఒక అక్క వచ్చి, గొంతుకూర్చుని తడిగుడ్డతో తుడుస్తుంది.

రెండు రాత్రులు చదివి మైక్రోఫైబర్ ఫ్లాట్ మాప్ తెప్పించాను. పాలియెస్టర్, పాలియమైడ్ పోగుల్ని వెంట్రుక కంటే సన్నగా చీలుస్తారు. ఆ సందుల్లో దుమ్ము, జిడ్డు చిక్కుకుంటాయి. నీళ్లు తక్కువ చాలు. అక్క రెండు రోజులు వాడి, మూడో రోజు మళ్లీ గుడ్డ తీసింది. కొత్తది అలవాటు కాలేదులే అనుకున్నాను. అడగలేదు.

తర్వాత ఓ ఆదివారం సాయంత్రం, మర్నాడు క్లయింట్ వస్తాడని, వాటర్ క్యాన్ స్టాండ్ కింద పడిన తుప్పు మరక మీద బాత్రూం యాసిడ్ పోశాను. బుసబుసా నురగొచ్చింది. శుభ్రమవుతోందనుకున్నాను. షాబాద్ బండ అంటే సున్నపురాయి. సున్నపురాయి మీద యాసిడ్ పడితే రాయే కరిగి, కార్బన్ డయాక్సైడ్ పైకొస్తుంది. ఇంటర్‌లో ఇది రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. ఆరాక చూస్తే, అరచేయంత తెల్లటి గరుకు మచ్చ.

సోమవారం ఇంటి ఓనర్ ఆ మచ్చ చూశాడు. నేరుగా అక్క దగ్గరికెళ్లి, "ఏం పోసినవ్?" అని అరిచాడు. "నేనేం పోయలే" అంది అక్క. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్క్రీన్ చూస్తున్నాను. హెడ్‌ఫోన్స్‌లో పాటేం లేదు.

బుధవారం ఓనర్‌కి నిజం చెప్పాను. "అరె, మీరా!" అని నవ్వేశాడు. అక్కకి సారీ చెబితే, "నాకెర్కే సారు. బాత్రూంల ఉండే డబ్బా మీ బల్ల కింద దొరికింది" అంది, బకెట్ దించుతూ. నేను నోరు విప్పుతానా లేదా అని రెండు రోజులు చూసిందన్నమాట.

అప్పుడు అడిగాను, ఆ మాప్ ఎందుకు వద్దని.

"బండలు సదరంగ లేవు గద. మాప్ పైపైన వోతది, సందులల్ల మన్ను అట్లనే ఉంటది. అంచులు పెచ్చులూడిన కాడ గుడ్డ తట్టుకుంటది."

ఒక్క రివ్యూలోనూ లేని మాట ఇది. రాసినవాళ్లందరివీ నున్నటి నేలలు.

మరి గుడ్డే మేలా అంటే, మోకాలు చూపించింది. మెట్లెక్కితేనే పట్టేస్తోందట.

1956లో స్పెయిన్‌లో, సరగోసాలో, మాన్యుయెల్ హలోన్ అనే ఏరోనాటికల్ ఇంజనీరు పిండే ఏర్పాటున్న బకెట్‌నీ మాప్‌నీ తయారుచేయించాడు. అమెరికాలో విమానాల షెడ్లు నిలబడి తుడవడం చూసొచ్చాడు. మోకాళ్ల మీద వంగి నేల తుడిచే ఆడవాళ్లు దాంతో లేచి నిలబడగలిగారు. నేనూ ఇంజనీర్నే. నేను చూసినవి మోకాళ్లు కాదు, స్టార్ రేటింగులు.

ఆ శనివారం ఇద్దరం బేగంబజార్ వెళ్లాం. అక్క కర్రలు ఒక్కొక్కటీ నిలబెట్టి, గడ్డం దాకా వచ్చేది తీసుకుంది. కర్ర పొట్టిదైతే నడుం వంచాల్సిందే. నూలు పోగుల మాప్ ఎంచింది. పోగులు సందుల్లోకి దిగుతాయి. నూలు త్వరగా ఆరదు, తడిగా వదిలేస్తే వాసనొస్తుంది. అందుకని మార్చి మార్చి వాడటానికి రెండు కుచ్చులు. బకెట్ మాత్రం చిన్నది, ఎందుకంటే నీళ్లు కిందనుంచి మోసుకురావాలి. ఆ సంగతీ నేనెప్పుడూ గమనించలేదు.

నా ఫ్లాట్ మాప్ వృథా కాలేదు. వెనక గదిలో టైల్స్ మీద దానికి సాటి లేదు. బ్లీచింగ్ తగిలితే ఆ పోగులు పాడవుతాయని చెబితే, అక్క దాన్ని వేరే మేకుకి తగిలించింది.

మచ్చ అలాగే ఉంది. పాలిష్ పట్టిస్తే పోతుందన్నారు కానీ, ఓనర్ పట్టించలేదు. ఎవరో దాని మీదికి కుర్చీ జరిపారు. నేను పక్కకి లాగేశాను.