ఎవరికి ఏ పార్కు: మా ఆర్లాండో లెక్క

అమెరికాలో ఉండే తెలుగు ఇళ్ళల్లో, అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చిన వేసవిలో ఆర్లాండో ప్రయాణం దాదాపు ఖాయం. అట్లాంటా శివార్లలో ఉండే మాకు అది 440 మైళ్ళు. పెద్దవాళ్ళతో ఆగుతూ వెళ్తే ఎనిమిది గంటల డ్రైవు. విమానం ఖర్చు లేదు కాబట్టి చవకలో అయిపోయే సెలవు అనుకుంటాం. పార్కుల టికెట్లు చూసేదాకా అది నిజమే అనిపిస్తుంది.

డిస్నీ వాళ్ళవి నాలుగు పార్కులు: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. యూనివర్సల్ వాళ్ళవి యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్, 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్. ఇవి కాక సీవరల్డ్, కాస్త దూరంలో లెగోలాండ్. ఏవి చూడాలని ఎవర్ని అడిగినా పార్కులకి ర్యాంకులు చెబుతారు. నాకు పార్కు గొప్పదా కాదా అన్నది రెండో ప్రశ్న. మా ఇంట్లో ఎవరికి అక్కడ రోజంతా పని ఉంటుంది అన్నది మొదటిది. తప్పు పార్కుకి వెళ్ళి పోగొట్టుకునే డబ్బు కంటే, సరైన పార్కుకే పని లేనివాళ్ళకి కూడా టికెట్టు కొని పోగొట్టుకునే డబ్బు ఎక్కువ.

దీనికి కారణం టికెట్టు అమ్మే పద్ధతిలోనే ఉంది. 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్ తెరిచినప్పుడు పెద్దవాళ్ళ ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. లోపల ఒక్కో ఆటకి ఒక్కో కూపన్ చింపి ఇచ్చేవాళ్ళు. ఎ నుంచి ఇ దాకా అయిదు తరగతుల కూపన్లు. చిన్న ఆటలకి ఎ, పెద్దవాటికి ఇ. ఏమీ ఎక్కకుండా చెట్టు కింద కూర్చున్న తాతగారికి ప్రవేశం డబ్బులతోనే సరిపోయేది. 1982లో ఎప్‌కాట్ తెరిచే నాటికి కూపన్లు తీసేసి అన్నిటికీ కలిపి ఒకే టికెట్టు పెట్టారు. అప్పట్నుంచి అన్నీ ఎక్కేవాళ్ళదీ, ఏదీ ఎక్కనివాళ్ళదీ ఒకటే ధర. డెబ్బై దాటిన మోకాళ్ళకీ, పదకొండేళ్ళ కుర్రాడి కాళ్ళకీ ఒకటే రేటు.

ఆ రేటు కూడా తేదీని బట్టి మారుతుంది. 2025లో డిస్నీ ఒక్క రోజు టికెట్టు, బాగా ఖాళీగా ఉండే రోజుల్లో యానిమల్ కింగ్‌డమ్‌కి 119 డాలర్లు. రద్దీ ఎక్కువగా ఉండే సెలవు రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌కి 199. దీని మీద పన్ను ఆరున్నర శాతం. మూడేళ్ళలోపు పిల్లలకి టికెట్టు లేదు. మూడు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి పిల్లల టికెట్టు అంటారు గానీ తగ్గేది చాలా కొద్దిగానే. పదేళ్ళు నిండితే పెద్దవాళ్ళ కిందే లెక్క. ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో ధరలు బాగా దిగుతాయి, ఎందుకంటే అప్పటికి ఫ్లోరిడా బడులు తెరిచేస్తారు. న్యూజెర్సీలో ఉండేవాళ్ళకి చాలాచోట్ల బడులు సెప్టెంబరులో గానీ మొదలవవు కాబట్టి ఆ ఆగస్టు చివరి వారం వాళ్ళకి వరం. మా జార్జియాలో ఆగస్టు మొదటి వారంలోనే బడి గంట కొడతారు. మాకు జులై తప్ప దారి లేదు.

ఎక్సెల్ తెరిచి మొదట అందరికీ అన్నీ వేసి చూశాను. మా ఆయన, నేను, బాబు, అయిదేళ్ళ పాప, అమ్మ, నాన్న. ఆరుగురికి డిస్నీ నాలుగు రోజులు, యూనివర్సల్ ఒక రోజు. టికెట్లే పన్నుతో కలిపి 4,400 డాలర్ల దగ్గర తేలాయి. రోజులు పెరిగేకొద్దీ రోజుకి పడే ధర తగ్గుతుందని డిస్నీ వాళ్ళ సైటు చూపిస్తూనే ఉంటుంది. అది నిజమే. అయితే నాలుగో రోజు టికెట్టు చవకైనంత మాత్రాన ఆ రోజు పార్కింగుకి పెట్టే డబ్బు తగ్గదు, ఇంటి అద్దె తగ్గదు. అప్పటికే మూడు రోజులు ఎండలో నడిచిన అమ్మ కాళ్ళ నొప్పులూ తగ్గవు.

నాన్న దగ్గర ఈ లెక్కలు దాచలేదు. మాది పామర్రు దగ్గర వ్యవసాయ కుటుంబం. ఆయన డాలర్లని రూపాయల్లోకి మార్చుకోకుండా ఉండలేరు.

"ఆరుగురికి ఒక్క రోజుకే ఇంతా? మన ఎకరం కౌలు దాటిపోయింది కదమ్మా," అన్నారు.

ఆ మాట విని చిన్నబుచ్చుకునేవాళ్ళని చూశాను. "డబ్బు సంగతి మీకెందుకు నాన్నా, మీరు హాయిగా చూడండి" అని నోరు మూయించేవాళ్ళనీ చూశాను. నేనైతే ఆయన పక్కనే కూర్చుని లాప్‌టాప్‌లో ఒక్కో పార్కులో ఏముంటుందో వీడియోలు చూపించాను. ఏదైనా నచ్చితేనే టికెట్టు, లేకపోతే లేదు అన్నాను. మనవాళ్ళలో ఇది తేలికైన మాట కాదు. అమ్మానాన్నల్ని అద్దె ఇంట్లో కూర్చోబెట్టి వీళ్ళు షికార్లు తిరిగారట అని నలుగురూ అనుకుంటారని భయం. ఆ భయంతోనే ఎంతోమంది, అడుగు తీసి అడుగు వేయలేని పెద్దవాళ్ళని తొంభై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో గేటు నుంచి గేటుకి నడిపిస్తారు. వాళ్ళు బెంచీల మీద కూర్చుని సంచులకి కాపలా కాస్తారు. తలా నూట యాభై డాలర్లు పెట్టి మనం వాళ్ళకి కొనిచ్చేది ఆ కాపలా. వాళ్ళకేం కావాలో అడిగి తెలుసుకోవడమే గౌరవం అని నా గట్టి నమ్మకం.

వీడియోలు చూశాక నాన్న ఒక్కటే కోరారు: యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీ. అమ్మ అది కూడా, మ్యాజిక్ కింగ్‌డమ్ కోట కూడా చూస్తానంది. బాబుకి ఎత్తయిన రోలర్ కోస్టర్లు కావాలి. ఇక పాప సంగతి తలుపు పక్కన గోడకి టేపు ఆనించి తేల్చాం: బూట్లతో 42 అంగుళాలు.

ఈ అంగుళాల లెక్క డాలర్ల లెక్కంత ముఖ్యం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే కనీసం 44 ఉండాలి, ట్రాన్‌కి 48. యానిమల్ కింగ్‌డమ్‌లో అందరూ చెప్పుకునే ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కి 44. ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో హాగ్రిడ్ కోస్టర్‌కి 48, వెలాసికోస్టర్‌కి 51, హల్క్‌కి 54. గేటు దగ్గర కర్ర పెట్టి కొలుస్తారు, బతిమాలితే వదలరు. 42 అంగుళాల పిల్లకి ఐలాండ్స్‌లో ఏమీ లేదని కాదు. సూస్ లాండింగ్‌లో చిన్నవాళ్ళ ఆటలున్నాయి. కానీ అన్నయ్య ఎక్కినవన్నీ కింద నుంచి చూస్తూ ఏడవడానికి అంత డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మాత్రం ఎత్తుతో పనిలేని ఆటలు బోలెడు. పీటర్ పాన్, జంగిల్ క్రూజ్, హాంటెడ్ మాన్షన్, పడవలో కూర్చుని తిరిగే స్మాల్ వరల్డ్: వీటిలో అమ్మా పాపా పక్కపక్కన కూర్చోవచ్చు. అయిదేళ్ళ మనవరాలికీ అరవై ఎనిమిదేళ్ళ అమ్మమ్మకీ పనికొచ్చే పార్కులు ఒకటే అవుతుంటాయి. మధ్య వయసు వాళ్ళమూ, పదేళ్ళు దాటిన పిల్లలూ వేరే జట్టు.

చివరికి కొన్నవి ఇవి. మా నలుగురికీ అమ్మకీ డిస్నీ రెండు రోజుల టికెట్టు. నాన్నకి యానిమల్ కింగ్‌డమ్ ఒక్క రోజు. మా ఆయనకీ బాబుకీ ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ ఒక్క రోజు. అన్నీ కలిపి రెండు వేల డాలర్లకి కాస్త అటూ ఇటూ. ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ ఈసారికి వద్దనుకున్నాం. బాబు హాగ్వార్ట్స్ రైలు కూడా అడిగాడు. ఆ రైలు యూనివర్సల్ స్టూడియోస్‌కీ ఐలాండ్స్‌కీ మధ్య నడుస్తుంది కాబట్టి రెండు పార్కుల టికెట్టు ఉంటేనే ఎక్కనిస్తారు. కొద్ది నిమిషాల రైలు కోసం అంత తేడా కట్టం అని వాడికి ముందే చెప్పాం. ముందే చెబితే పిల్లలు వింటారు, గేటు దగ్గర చెబితే వినరు.

టికెట్లకంటే ముందు అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్ డబ్బు పక్కన పెట్టాం. ఆ ప్రీమియం తగ్గించి పార్కులకి కలపాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి మానుకోండి. ఇక్కడ ఒక్క రాత్రి ఆసుపత్రి ఖర్చు ముందు ఈ టికెట్లన్నీ చిల్లర.

టికెట్ల విషయంలో ఇంకో రెండు జాగ్రత్తలు. వాట్సాప్ గ్రూపుల్లో "మా నాలుగు రోజుల టికెట్లో రెండు రోజులు మిగిలాయి, సగం ధరకి ఇస్తాం" అని పెడుతుంటారు. వాడిన టికెట్టు మిగతా రోజుల్ని అలా అమ్మడం ఫ్లోరిడా చట్టం ప్రకారం నేరం. పైగా గేటు దగ్గర వేలిముద్ర వేయాలి కాబట్టి అక్కడే దొరికిపోతాం. రెండోది టైమ్‌షేర్, అంటే సెలవు ఇంట్లో ఏటా కొద్ది రోజుల వాటా అమ్మే వ్యాపారం. రోడ్డు పక్క స్టాళ్ళ వాళ్ళు, రెండు గంటలు కూర్చుని తమ అమ్మకం మాటలు వింటే టికెట్లు చవకగా ఇస్తామంటారు. సెలవులో సగం పూట పోతుంది, దాంతోపాటు మొహమాటానికి ఏళ్ళ తరబడి కంతులు కట్టే ఒప్పందం మీద సంతకం పెట్టే ప్రమాదం ఉంది. మేం ఆ దరిదాపులకి పోలేదు.

2025 జులై 13 ఆదివారం, యానిమల్ కింగ్‌డమ్. గేట్లు తెరిచే వేళకే వెళ్ళాం. ఫ్లోరిడా జులైలో మధ్యాహ్నం ఉరుములు మొదలైతే బయట ఉండే ఆటలన్నీ ఆపేస్తారు, డబ్బు వెనక్కి ఇవ్వరు. అందుకే టికెట్టు విలువంతా పొద్దున్నే రాబట్టుకోవాలి. సఫారీ ట్రక్కులో నాన్న చివరి సీటులో కూర్చున్నారు. జిరాఫీలు, ఏనుగులు వచ్చినప్పుడు పాప కేకలు పెట్టింది, ఆయన నవ్వుతూ చూశారు. ఆంకోల్ పశువులు కనబడగానే మాత్రం లేచి నిలబడబోయారు. బారెడు బారెడు కొమ్ములు, మొదట్లో మన చెయ్యి పట్టనంత లావు. "మెడ చూడమ్మా, కాళ్ళు చూడు, ఈ కొమ్ముల బరువుకి ఆ మెడ ఎట్లా ఆగుతుందో," అంటూ ఒంగోలు గిత్తల సంగతి ఎత్తారు. వాటిని బ్రెజిల్ వాళ్ళు పట్టుకెళ్ళి నెల్లూరు పేరుతోనే కోట్లల్లో పెంచుకుంటున్నారని బాబుకి వివరంగా చెప్పారు. అటునుంచి ఆసియా విభాగానికి వెళ్ళాం, అక్కడ ఆనందపూర్ అని ఒక ఊరు కట్టారు. శిథిలమైన రాజావారి కోట, గోడల మీద వెలిసిపోయిన బొమ్మలు, అద్దం వెనక పులులు. నాన్న కోసం వీల్‌చైర్ అద్దెకి తీసుకుని నీడలోనే తిప్పాం. డిస్నీ పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు మాత్రం కూడదు. అద్దె ఇంట్లో అమ్మ తెల్లవారుజామునే కలిపిన పులిహోర, పెరుగన్నం తిన్నాం. కౌంటర్లలో అడిగితే చల్లటి మంచినీళ్ళు ఉచితంగా పోస్తారు. ఆ పూట తిండికి మాకు లోపల ఖర్చు కాలేదు.

ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ దగ్గర రైడర్ స్విచ్ అడిగాం. ఎత్తు చాలని పిల్లతో ఒకరు బయట ఆగితే, మొదటి జట్టు దిగాక ఆ ఆగినవాళ్ళు మళ్ళీ పెద్ద క్యూలో నిలబడకుండా ఎక్కొచ్చు. దీనికి పైసా కట్టక్కర్లేదు. చాలామంది ఇది తెలియక క్యూ తప్పించే పాస్‌లు కొంటారు.

మర్నాడు సోమవారం మేం అయిదుగురం మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వెళ్తే నాన్న ఇంట్లో ఉన్నారు. ఆ రోజు లార్డ్స్ క్రికెట్ టెస్ట్ చివరి రోజు, మనకి 193 లక్ష్యం. ఇక్కడి టైము ప్రకారం పొద్దున ఆరింటికి మొదలు. కోట ముందు మేం ఫొటోలు దిగుతుండగా నాన్న ఫోన్ చేసి "జడేజా ఉన్నాడు, చూద్దాం" అన్నారు. 22 పరుగుల తేడాతో ఓడిపోయాం. జడేజా 61తో చివరిదాకా నిలబడ్డాడు. సాయంత్రం ఆయన ఆ ఇన్నింగ్స్ బంతి బంతీ చెబుతుంటే, పాప మిక్కీతో దిగిన ఫొటోలు తాతయ్య మొహం ముందు పెట్టి మధ్యమధ్యలో ఆపింది. ఎవరి రోజు వాళ్ళకి నిండుగా గడిచింది.

వారం మధ్యలో మా ఆయన్నీ బాబునీ పొద్దున్నే యూనివర్సల్ దగ్గర దింపేశాను, పార్కింగ్ డబ్బు మిగిలింది. వాళ్ళిద్దరూ ఒంటరిగా ఎక్కేవాళ్ళ క్యూలో నిలబడి కోస్టర్లన్నీ ఎక్కారు. పక్కపక్క సీట్లు రావు, అదొక్కటే నష్టం. మిగతా నలుగురం వెకైవా స్ప్రింగ్స్ స్టేట్ పార్కుకి వెళ్ళాం. కారుకి 6 డాలర్లు, ఎనిమిదిమంది దాకా అదే ధర. భూమిలోంచి ఉబికివచ్చే ఊట, ఏడాది పొడుగునా నీళ్ళు 72 డిగ్రీలే. వేసవిలో శని ఆదివారాలు రద్దీ ఎక్కువ, వెళ్తే మామూలు రోజుల్లోనే వెళ్ళాలి. నాన్న మోకాళ్ళ దాకా దిగి, కింద ఇసుక కనబడుతున్న ఆ నీళ్ళని దోసిట్లో పట్టి చూశారు. అమ్మ పక్కనే కూర్చుని కాళ్ళు ఆడించింది. ప్రయాణం మొత్తంలో వాళ్ళకి ఏ రోజు నచ్చిందని అడిగితే ఇద్దరూ ఆ రోజే చెబుతారు.

ఎపిక్ యూనివర్స్‌కి ఈసారి వెళ్ళలేదు. బాబు స్నేహితులు చాలామంది ఆ వేసవే వెళ్ళొచ్చారు, వాడు అడగని వారం లేదు. కొత్తగా తెరిచిన పార్కులో మొదటి ఏడాది జనం, క్యూలు ఎక్కువ. పైగా అక్కడి స్టార్‌డస్ట్ రేసర్స్‌కీ, మాన్‌స్టర్స్ అన్‌చెయిన్డ్‌కీ 48 అంగుళాలు కావాలి. పాప అంత ఎదిగాక వెళ్దామని ఒప్పందం. అప్పటికీ దానికి తొమ్మిది దాటవు కాబట్టి పిల్లల టికెట్టే, తగ్గేది కొద్దిగానే అయినా తగ్గినంత తగ్గుతుంది. అందాకా నెలకి 150 డాలర్లు విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేస్తున్నాం, సెలవు ఖర్చు క్రెడిట్ కార్డు మీద మోయకూడదని. బాబు అడిగినప్పుడల్లా ఫోన్లో ఆ ఖాతా తెరిచి చూపిస్తున్నాను. నలుగురి టికెట్లకి ఇంకా ఎంత కావాలో వాడే తీసివేతలు చేసి చెబుతున్నాడు.