మిర్చి ఎరుపూ, డీసీపీ సెట్టింగూ

నరసరావుపేట, మాచర్ల వైపు షార్ట్ ఫిల్ములు తీసే తమ్ముళ్లకు ఒక మాట.

థియేటర్లో వేసే డిజిటల్ ప్యాకేజీ (డీసీపీ) తయారుచేసే సాఫ్ట్‌వేర్ డీసీపీ-ఓ-మేటిక్‌లో వీడియో ఎక్కించాక రంగుల మార్పిడికి ఒక లిస్టు కనబడుతుంది: రెక్.709, ఎస్‌ఆర్‌జీబీ, పీ3, రెక్.2020, ఇలా. అక్కడ అడిగేది తెర మీద ఎలా కనబడాలని కాదు, మీ ఫైలు ఇప్పుడు ఏ లెక్కలో ఉందని. ప్రొజెక్టర్‌కి వెళ్లేది ఎటూ ఎక్స్‌వైజెడ్‌లోనే, 12 బిట్లు, 2.6 గామా.

"థియేటర్ కదన్నా, పీ3 పెడదాం" అంటారు. రెక్.709లో గ్రేడ్ చేసిన ఫైలుని పీ3 అని చెబితే కల్లంలో ఆరబోసిన మిరపకాయలు మండిపోతాయి, పక్కన నిలబడ్డ రైతు మొహం కూడా ఎర్రబడుతుంది. 709లో ఎరుపు పీ3 కంటే ముందే ఆగిపోతుంది మరి. ఆ ముదురు ఎరుపు నిజంగా కావాలంటే రా గానీ లాగ్ గానీ తీసి, పీ3 మానిటర్ మీద గ్రేడ్ చేసుకోవాల్సిందే. (1947లో 'పల్నాటి యుద్ధం' తీసినవాళ్లకు ఈ గోల లేదు, అంతా నలుపు తెలుపే!)

ఇంకోటి. ఎక్స్‌వైజెడ్ బొమ్మల్ని మామూలు ప్లేయర్‌లో తెరిచి, రంగు తేడాగా ఉందని కంగారుపడి మళ్లీ దిద్దకండి. అవి అలాగే ఉంటాయి.

సినిమా తెర వెలుగు ప్రమాణం 48 నిట్లే, మన ఫోన్లు అంతకు ఎన్నో రెట్లు. అందుకే రెండు నిమిషాల టెస్ట్ డీసీపీ చేసి, పొద్దుటాటకు ముందే వేసి చూపించమని హాలు ఆపరేటర్‌ని అడగండి. టీ మాత్రం మీరే ఇప్పించాలి.