రెండవవాడు

ఒక తలుపు తెఱచుకొన్నదని పదిమందియు సంతసించునపుడు, అది మరల ఎపుడు మూసికొనెనని విచారించువారు అరుదు. మంచుహాకీ ఆటగాడగు విల్లీ ఓరీ చరిత్రము చదివినది మొదలు ఈ విచారము మమ్ము విడువకున్నది.

ఈతడు కెనడా దేశమున ఫ్రెడరిక్టన్ పట్టణమందు 1935లో జన్మించెను. గడ్డకట్టిన నీటిపై ఉక్కుబద్దల జోళ్లతో జాఱుచు, వంపుకఱ్ఱలతో రబ్బరుబిళ్లను తఱుము ఈ యాట అచటి బాలురకు ఉగ్గుపాలతో అబ్బును. 1958 జనవరి 18వ తేదీన మాంట్రియల్ నగరమున బోస్టన్ బ్రూయిన్స్ పక్షమున ఆడి, నేషనల్ హాకీ లీగునందు ప్రవేశించిన మొదటి నల్లజాతివాడయ్యెను.

అంతకు పూర్వమే బిళ్ల తగిలి అతని కుడికంటి చూపు పోయినది. తెలిసినచో ఆడనీయరని ఆ సంగతి దాచెను. ఎడమప్రక్క ఆడువాడగుటచే, కుడినుండి వచ్చు బిళ్లకై మెడ పూర్తిగా త్రిప్పవలసివచ్చెడిది. ప్రేక్షకుల దూషణలు సరేసరి. చికాగోలో ఒక ప్రత్యర్థి కఱ్ఱతో పొడువగా ముక్కు విఱిగెను, ముందరి పండ్లూడెను. ఆ లీగున అతడాడినవి 45 ఆటలు. గోలు చేర్చినది 4 మారులు. 1961 పిమ్మట అచట చోటు దొరకలేదు. లాస్ ఏంజెలెస్ జట్టులో కుడిప్రక్కకు మార్చినంతనే ఆటయంతయు మంచికంటి యెదుట నిలిచెను. 1964–65 సంవత్సరమున పడమటి లీగునందు 38 మారులు గోలు చేర్చెను! కొఱత సామర్థ్యమున లేదనుటకు వేఱు సాక్ష్యమేల?

నేషనల్ లీగున రెండవ నల్లజాతివాడు మైక్ మార్సన్ 1974లో గాని రాలేదు. నడుమ గడచినవి పదునాఱేండ్లు. ఆ దినములలో జట్లాఱే గనుక స్థానములు కొలదియని కొందఱందురు. మంచిది, 1967లో జట్లు పండ్రెండయ్యెను గదా! స్థానములు రెట్టింపయినను ఏడేండ్లవఱకు రెండవవాడు కనబడకుండుటకు కారణము స్థానములు కాదు, చూచువారి కన్నులు. ఒంటికంటివాడు బిళ్లను చూడగలిగెను. రెండుకన్నులవారు మనుష్యుని చూడలేకపోయిరి.

2018లో హాకీ కీర్తిమందిరమున ఓరీకి స్థానమిచ్చిరి. 2022లో బోస్టన్ జట్టు అతని 22వ అంకెను మఱియెవరికిని ఈయరాదని గౌరవార్థము నిలిపివేసెను. ఇవి తగినవే. కాని మనవారును ఒక్కనిని వేదిక నెక్కించి, దండవేసి, అంటరానితనము తొలగినదని ఇండ్లకు మరలుట మేమెఱుంగుదుము. సోదరులారా, ఇక ముందు అట్టి సభలకు పోయినపుడు మొదటివాని పేరుతోబాటు రెండవవాడు ఎపుడు వచ్చెనో కూడ అడుగుడు.